మిగిలిన ఆ ఒక్క చెవికమ్మతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. పర్లాకిమిడిలో మందుల షాపులో పనిచేస్తున్నాను. సంక్రాంతి ముందు నూర్పిళ్లలో మా ఆవిడ బుట్టకమ్మ ఒకటి కళ్లంలో పడిపోయింది. మూడు గ్రాములుంటుంది. పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన జత. రెండు రోజులు చేత్తో దేవినా దొరకలేదు. మెటల్ డిటెక్టర్ కొని వెతుకుదామనుకుంటున్నాను, ఆ తర్వాత కూడా సరదాగా నేర్చుకోవాలని ఉంది. ఏది కొనాలి, ఎలా నేర్చుకోవాలి? ఇంకో సంగతి. మా పొలంలో లంకెబిందెలున్నాయని తాతల నాటి మాట. మావయ్యకి తెలిసినాయన ఒకాయన 20 మీటర్ల లోతులో బంగారం చూపించే మిషన్ లక్షన్నరకు ఇప్పిస్తానంటున్నాడు. అదైతే రెండు పనులూ అవుతాయని మావయ్య పట్టుబడుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పోలీసు గొడవలేమైనా ఉంటాయా?

సమాధానం:

బాబూ,

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట "ఒకటి పడిపోయింది" అన్నది. అంటే రెండోది ఇంట్లో ఉంది. అది ఎంత అదృష్టమో మీకు ఇంకా తెలియదు. బరంపురంలో ఐటీఐ పిల్లలకు ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాక, పదేళ్లుగా గోపాలపూర్ ఇసుకలో ఈ మిషన్ పట్టుకుని తిరుగుతున్నాను. వస్తువు పోగొట్టుకుని వచ్చినవాళ్లు అది ఎలా ఉంటుందో మాటల్లో చెబుతారు, ఫోన్‌లో పెళ్లి ఫొటో చూపిస్తారు. అచ్చు అలాంటిదే ఇంకోటి తెచ్చి నా చేతిలో పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు. మీరు ఆ కమ్మను మిషన్ కింద పెట్టి, అది ఎలా మోగుతుందో విని, అదే మోతను కళ్లంలో వెతకొచ్చు. మీరు నేర్చుకోవాల్సిన విద్యంతా దాని చుట్టూనే ఉంది.

ముందు ఆ లక్షన్నర మిషన్ సంగతి తేల్చేద్దాం. దాన్ని కొనకండి. మీ మావయ్య మీ మేలు కోరే చెబుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ 20 మీటర్ల లోతులో బంగారాన్ని మాత్రమే పట్టి చూపించే మిషన్ ఎక్కడా లేదు. ఎందుకు లేదో తెలిస్తే ఆయనకు మీరే నచ్చజెప్పగలరు.

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, మోతను బట్టి బాగా కాలిందో, పగులుందో తెలుస్తుంది. డిటెక్టర్ చేసేదీ ఇంచుమించు అదే. కర్ర చివర పళ్లెంలా ఉండేదాన్ని కాయిల్ అంటాం. అందులో రెండు రాగి తీగ చుట్టలుంటాయి. ఒకటి సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. అది ఏ లోహానికి తగిలినా ఆ లోహంలో చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులు తమ వంతుగా ఇంకో బలహీనమైన క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి. రెండో చుట్ట దాన్ని వింటుంది. జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి మిషన్ ఒక నంబరు చూపిస్తుంది, ఒక మోత మోగిస్తుంది. అంతకుమించి దానికి ఏమీ తెలియదు. బంగారం, రాగి, మాత్రల షీటు అనే పేర్లు మనం పెట్టుకున్నవే.

ఆ క్షేత్రం దూరం వెళ్లేకొద్దీ దారుణంగా బలహీనపడుతుంది. వెళ్లేటప్పుడూ అంతే, తిరిగొచ్చేటప్పుడూ అంతే. చిన్న వస్తువు కాస్త లోతులో ఉన్నాక, ఆ లోతు రెట్టింపైతే వెనక్కి వచ్చే సిగ్నల్ సుమారు 64వ వంతుకు పడిపోతుంది. అందుకే ఎంత మంచి మిషన్‌కైనా రూపాయి బిళ్లంత వస్తువు జానెడు లోతు దాటితే కష్టం. బిందె అంత పెద్దదైతే పెద్ద కాయిల్‌కి మీటరు దాకా అందవచ్చు. 20 మీటర్లంటే ఆరేడు అంతస్తుల మేడ. అంత లోతున మూడు గ్రాముల కమ్మ కాదు కదా, బిందెడు బంగారమున్నా ఈ పద్ధతిలో తెలియదు.

వాళ్లు చూపించేది బహుశా తుపాకీ పిడిలా ఉండి ముందు ఏరియల్ ఊగే రకం. ఆ ఊగడం పట్టుకున్న చెయ్యి వాలును బట్టే. 2013లో ఇంగ్లండులో జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారికి కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది. ఏడీఈ 651 అనే పేరుతో ఇలాంటి పరికరాలనే బాంబులు కనిపెట్టే యంత్రాలని చెప్పి ఇరాక్‌కు అమ్మాడు. లోపల పనిచేసే భాగం ఏదీ లేదు. వాటినే నమ్ముకుని బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో జవాన్లు బండ్లు తనిఖీ చేశారు. బియ్యం గింజలను లాగే మహిమ ఉందంటూ మన వైపు రైస్ పుల్లింగ్ చెంబు పేరుతో జరిగే మోసం కూడా ఈ జాతిదే.

మావయ్య మాటను తోసిపుచ్చినట్టు కాకుండా ఒక పని చేయండి. మిషన్ తెచ్చినాయన ముందు పది మట్టి ముంతలు బోర్లించండి. ఆయన కంటికి కనపడకుండా ఒకదాని కింద మీ కమ్మ పెట్టండి. పెట్టిన మనిషి అక్కడి నుంచి వెళ్లిపోవాలి, లేకపోతే అతని చూపే చెప్పేస్తుంది. ఇలా పదిసార్లు చేయించండి. కళ్లు మూసుకుని చెప్పినా పదిలో ఒకసారి తగులుతుంది. 20 మీటర్ల మిషన్‌కు ముంత మందం ఒక లెక్క కాదు, పదికి పది చెప్పాలి. ఆయన ఏదో సాకు చెప్పి పరీక్షకే ఒప్పుకోకపోతే మావయ్యకు అప్పుడే అర్థమైపోతుంది.

ఇక మీకు పనికొచ్చే మిషన్. వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం తీసుకోండి, పైన నేను చెప్పినట్టు పనిచేసేది అదే. పల్స్ ఇండక్షన్ అని ఇంకో రకం ఉంది. అది లోతుకు వెళుతుంది, ఖనిజాలున్న నేలను పెద్దగా పట్టించుకోదు, కానీ ఇనుమునూ బంగారాన్నీ సరిగా విడదీయలేదు. మేకులు, నాడాలు, కొడవలి ముక్కలు నిండిన కళ్లంలో దానితో ఒక పూట తవ్వితే మిషన్ మీదే విరక్తి పుడుతుంది. క్షేత్రం దిశ మార్చుకునే వేగాన్ని ఫ్రీక్వెన్సీ అంటారు. వీఎల్ఎఫ్‌లో గారెట్ ఏస్ 300 ఎనిమిది కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద, నోక్టా సింప్లెక్స్ అంతకంటే పై ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తాయి. మైన్‌ల్యాబ్ వాంక్విష్ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడుతుంది. సన్న బంగారానికి పై ఫ్రీక్వెన్సీలు మేలు. అందుకని మీ పనికి రెండోదో మూడోదో నా ఓటు. కాయిల్ డబుల్ డీ రకమైతే, అంటే లోపలి చుట్టలు రెండు ఇంగ్లీషు D అక్షరాల్లా ఉండేదైతే, ఇనుము మధ్యలో ఉన్న వస్తువును విడదీయడం సులువు. మరీ పెద్ద కాయిల్‌కి ఆశపడకండి. అది లోతు చూస్తుంది గానీ పక్కపక్కనున్న రెండు వస్తువులను ఒకటిగా కలిపేస్తుంది. బిల్లు, వారంటీ ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. ఆన్‌లైన్‌లో బొమ్మల ధరకు దొరికేవి నంబరు చూపించినా అది నిలకడగా ఉండదు. నేర్చుకునేవాడికి మొదట కావాల్సింది నిలకడే. ఇవన్నీ కలిపినా ఆ లక్షన్నరలో చాలా మిగులుతుంది. మిగిలినదాంట్లో ఒక పిన్‌పాయింటర్, ఒక హెడ్‌ఫోన్ తప్పకుండా కొనండి. పిన్‌పాయింటర్ అంటే చేతిలో పట్టే టార్చిలైటు లాంటి చిన్న డిటెక్టర్, గుంతలో ఏ పక్కనుందో చెబుతుంది.

నేల సంగతి కూడా చెప్పాలి. ఛత్రపురం దగ్గర ఇసుక నుంచి ఇల్మనైట్ అనే ఖనిజం తీస్తారని మీకు తెలుసు. మా గోపాలపూర్ తీరంలోనూ అలలు వెనక్కి వెళ్లినచోట నల్లటి చారలు కనిపిస్తాయి. ఇనుము కలిసిన బరువైన ఖనిజాలవి. వాటి మీద ఉప్పునీటి తడి. రెండూ కలిస్తే ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ ఏ వస్తువూ లేకుండానే కూస్తుంది. కొండ పక్క ఎర్రనేలలోనూ, మొరంలోనూ ఇదే బాధ. నేల మోతను మిషన్‌కు ముందే చెప్పి పక్కన పెట్టించడాన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. లోహం లేని జాగా చూసుకుని, బటన్ నొక్కి పట్టుకుని, కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ నెమ్మదిగా ఆడిస్తే మిషన్ సర్దుకుంటుంది. కొన్ని మోడళ్లు దాన్ని వాటంతటవే చేసుకుంటాయి. మీ కళ్లం వంశధార ఒండ్రు మీద ఉంటే మీకు ఈ ఇబ్బంది తక్కువే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తలో ప్రతి మాత్రల షీటుకూ, సిగరెట్ పెట్టె రేకుకూ వంగి తవ్వలేక విసిగిపోయి, ఆ నంబర్లన్నీ మోగకుండా డిస్క్రిమినేషన్ పెట్టేశాను. మిషన్ ఎంతో హాయిగా, నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ నెలలోనే కొత్తగా పెళ్లయిన ఒక జంట వచ్చింది. లైట్‌హౌస్ వైపు పొడి ఇసుకలో కూర్చుని లేచేసరికి అమ్మాయి ఉంగరం లేదు. రెండు గంటలు వెతికాను. లేదమ్మా అని చెప్పేశాను. ఆ పిల్ల ఏడుస్తూ రిక్షా ఎక్కడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. రాత్రి నిద్ర పట్టక ఇంట్లో మా ఆవిడ ఉంగరం మిషన్ కింద పెట్టి చూశాను. అది సరిగ్గా రేకుకు వచ్చే నంబర్లలోనే పడింది. నేను మిషన్ నోరు నొక్కింది బంగారం పలికే చోటే. తెల్లవారకముందే వెళ్లి అన్నీ మోగేలా పెట్టి అదే జాగా మళ్లీ నడిస్తే, నాలుగు వేళ్ల లోతులో దొరికింది. చిన్న బంగారు వస్తువూ అల్యూమినియం రేకూ మిషన్‌కు ఒకేలా వినిపిస్తాయి. బంగారం కావాలనుకుంటే రేకులు తవ్వాల్సిందే. దీనికి అడ్డదారి లేదు.

కాబట్టి మిషన్ ఇంటికి వచ్చిన రోజే కళ్లానికి పరిగెత్తకండి. ముందు పెరట్లో బడి పెట్టుకోండి. లోహమేదీ లేదని మిషన్‌తోనే చూసుకున్న జాగాలో అడుగున్నర ఎడంగా గుంతలు తీయండి. ఒక దాంట్లో తుప్పు పట్టిన మేకు, ఒక దాంట్లో మాత్రల షీటు ముక్క, మీ షాపులో వాటికి కొదవ ఉండదు. తర్వాత పిన్నీసు, సోడా మూత, ఐదు రూపాయల బిళ్ల, రూపాయి బిళ్ల, అమ్మమ్మల నాటి రాగి కాణీ ఉంటే అదీ. ఒక్కోదాన్ని రెండంగుళాలు, నాలుగంగుళాలు, ఆరంగుళాల లోతున పెట్టి, ప్రతిసారీ వచ్చిన నంబరు, మోత ఎలా ఉందో నోటుబుక్కులో రాయండి. రూపాయి బిళ్ల మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే స్టీలు. అందుకని అవి డబ్బులా కాకుండా ఇనుములా, నిలకడ లేకుండా మోగుతాయి. పాత రాగి కాణీ మాత్రం గుడిగంటలా శుభ్రంగా పలుకుతుంది.

చివరికి కమ్మ. దానికి గట్టి నైలాన్ దారం కట్టి, దారం రెండో కొసను పుల్లకు చుట్టి ఆ పుల్ల నేలలో గుచ్చండి. లేకపోతే రెండోదాన్ని కూడా వెతుక్కోవాల్సి వస్తుంది. రెండంగుళాల్లో పెట్టి వినండి. కాయిల్‌ను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పినా ఒకేలా మోగుతోందా? మీరు పక్కకు తిరిగి అడ్డంగా నడిచినా అదే నంబరా? లోతు పెరిగేకొద్దీ నంబరు ఎటు జారుతోంది? ఎన్ని అంగుళాలకు మోత గుసగుసగా మారుతోంది? ఎక్కడ పూర్తిగా ఆగిపోతోంది? కమ్మను నిలువుగా, పక్కకు వాల్చి, బోర్లా పెట్టి కూడా చూడండి. పడిన వస్తువు మనకు నచ్చినట్టు పడుకుని ఉండదు. తర్వాత దాని పక్కన బెత్తెడు దూరంలో మేకు పెట్టి వినండి. నిజమైన కళ్లంలో మీకు ఎదురయ్యే మోత అదే. కళ్లు మూసుకుని విన్నా ఇది కమ్మ, ఇది మేకు అని చెప్పగలిగేదాకా, రోజూ సాయంత్రం ఒక అరగంట, పది పదిహేను రోజులు చేయండి. ఆ తర్వాత స్క్రీన్ చూడాల్సిన పని తగ్గిపోతుంది, చెవే చెబుతుంది.

మీది బుట్టకమ్మ కావడం కూడా కలిసొచ్చింది. బుట్ట గుండ్రంగా అతుకుపడిన బంగారు రేకు, అందులో కరెంటు సుడి బాగా తిరుగుతుంది. అదే సన్న గొలుసైతే మిషన్‌కు మొత్తం గొలుసు కనిపించదు, విడివిడి లింకులే కనిపిస్తాయి. పుస్తెల గొలుసు పోయిందని వచ్చేవాళ్లకు నేను గొలుసును కాదు, పుస్తెలను వెతికి పెడతాను. రెండు బిళ్లలూ మోగుతాయి, వాటి వెంట గొలుసు వస్తుంది.

కాయిల్ ఆడించడంలో కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. చీపురుతో ఊడ్చినట్టు ఆడిస్తారు. రెండు చివర్లా చెయ్యి పైకి లేచిపోతుంది, కాయిల్ నేలకు దూరమవుతుంది, ఉన్న కొంచెం లోతూ పోతుంది. మేస్త్రి బద్దతో గచ్చు సాపు చేయడం చూశారా, అలా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మట్టాన జరగాలి. నేలకు రెండు వేళ్ల ఎత్తు చాలు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు రెండు సెకన్లు పట్టనివ్వండి. ఒక్కో అడుగుకూ కాయిల్ సగం మేరే ముందుకు జరగండి.

ఇప్పుడు కళ్లం. తొలకరి పడి ట్రాక్టరు దిగకముందే ఈ పని అయిపోవాలి. ఇప్పుడైతే కమ్మ పైపొరలోనే ఉంటుంది, నాగలి తిరిగాక ఎక్కడుంటుందో చెప్పలేం. మొదట మీ ఆవిడను కూర్చోబెట్టి ఆ రోజును గుర్తు చేసుకోమనండి. పనలు ఏ వైపు నుంచి మోశారు, కుప్ప ఎక్కడ వేశారు, చేటతో తూర్పారబట్టింది ఎక్కడ నిలబడి, తలగుడ్డ ఎక్కడ విప్పారు. తలగుడ్డ విప్పేటప్పుడూ, గడ్డి మోపు భుజానికెత్తేటప్పుడూ చెవికమ్మ తెగ పట్టుకుంటుంది. గడ్డిలో చిక్కుకుని వాముకు వెళ్లి ఉండొచ్చు, వాము నుంచి పశువుల శాలకు, అక్కడి నుంచి పెంటకుప్పకు వెళ్లి ఉండొచ్చు. పెంట ఇంకా పొలానికి తోలకపోతే ముందు అదే చూడండి. వాములోంచి గడ్డి తీసేటప్పుడల్లా ఒక్కో మోపును పరిచి కాయిల్ తిప్పండి.

కళ్లంలో మిషన్ పెట్టకముందు పాత స్పీకరు నుంచి తీసిన పెద్ద అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, తాడు కట్టి నేలంతా ఈడ్చండి. మేకులు, నాడా మేకులు, తీగ ముక్కలు వచ్చేస్తాయి. బంగారం దానికి అంటదు. ఇలా చేస్తే సగం చప్పుడు పోతుంది. తర్వాత నాలుగు గూటాలు పాతి, మీటరు వెడల్పున కొబ్బరితాళ్లు కట్టి, ఒక్కో పట్టీ నిలువునా నడవండి. అయిపోయాక అడ్డంగా మళ్లీ అన్నీ నడవండి. పక్కకు పడుకున్న కమ్మ ఒక దిక్కు నుంచి వినిపించకపోయినా ఇంకో దిక్కు నుంచి వినిపిస్తుంది. పక్క పొలంలో మోటారు నడుస్తుంటే ఆపించండి. నెత్తిమీద పదకొండు కేవీ లైను ఉంటే సెన్సిటివిటీ, అంటే ఎంత సన్నటి సిగ్నల్‌కు మిషన్ మోగాలన్న సెట్టింగు, తగ్గించండి. సెన్సిటివిటీ ఎంత పెంచితే అంత మంచిదని అనుకోవద్దు, నిశ్శబ్దంగా ఉన్న మిషన్‌లోనే సన్నటి మోత వినిపిస్తుంది. సెల్‌ఫోన్ ఇంట్లో పెట్టి రండి. చేతి కడియం, ఇనుప లాడం వేసిన చెప్పులు తీసేయండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా ఎక్కడుందో కనుక్కోవడానికి, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తెచ్చాడు. అధ్యక్షుడు పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. వాటి మోత కూడా కలిసి ఆ ప్రయత్నం అక్కరకు రాలేదు. మనిషి తూటా కోసం వెతుకుతున్నాడని మిషన్‌కు తెలియదు కదా.

మోత దొరికితే గునపం ఎత్తకండి. కాయిల్‌ను ప్లస్ గుర్తులా రెండు దిక్కులా ఆడించి మధ్య బిందువు పట్టుకోండి. అక్కడి నుంచి జానెడు పక్కగా బొరిగెతో మట్టి లేపండి. తిన్నగా పైనుంచి గుచ్చితే బుట్ట నలిగిపోతుంది. లేపిన మట్టిని వెదురు చేటలో వేసి కాయిల్ ముందు ఆడించండి. చేటలో లోహం ఉండదు గనుక మోగితే వస్తువు చేటలో ఉన్నట్టే. మోగకపోతే గుంతలో ఉంది. అక్కడి నుంచి చేత్తో, జల్లెడతో. మా వైపు సరదా వేటగాళ్లు ప్లాస్టిక్ పళ్లేలు కొంటారు గానీ, నాకు ఇంట్లో పాత చేటే ఎప్పుడూ చేతికి వాటంగా ఉంటుంది. గుంత పూడ్చి, దొరికిన రేకులూ మేకులూ సంచిలో వేసుకుని రండి. పశువులు తిరిగే చోటు అది.

లంకెబిందెల మాట. మీ ఊరి మాట ఊరికే పుట్టిందని నేననను. వంశధార కింద ముఖలింగమే తూర్పు గంగ రాజుల రాజధాని కళింగనగరమంటారు. ఆ గంగుల బంగారు ఫణాలు అర గ్రాముకు అటూ ఇటూ తూగేవి, గోరంత నాణేలు. అలాంటి నేల మీద ఏదైనా బయటపడొచ్చు. కానీ దానికోసం తవ్వకండి. పొలం పనిలో అనుకోకుండా పాత నాణేలో పాత్రో కనిపిస్తే ఏం చేయాలో 1878 నాటి నిధుల చట్టం స్పష్టంగా చెబుతుంది. పది రూపాయల విలువ దాటిన ఏ నిధి అయినా దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచితే ఏడాది దాకా జైలు పడవచ్చు. చెప్పినవాడికి హక్కులు కూడా అదే చట్టంలో ఉన్నాయి. హక్కుదారు ఎవరూ తేలకపోతే మామూలుగా దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది. ఇంకో సంగతి, వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు 1972 చట్టం కింద పురావస్తువులు, వాటిని దేశం దాటించడం నేరం. దొరికిన చోటే కదపకుండా, ఫొటో తీసి, తహసీల్దారుకు చెప్పండి. నాణెం ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే చదువుకున్నవాళ్లు దాని కథ చెప్పగలరు. కడిగి, తోమి, డబ్బాలో దాచిన నాణెం నోరు పోయినట్టే.

మీ పొలంలో మీ ఆవిడ కమ్మ వెతుక్కోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అయినా ఊరి పెద్దలకు ఒక మాట చెప్పండి, పగటిపూటే వెతకండి. రాత్రి టార్చితో మిషన్ తిప్పితే గుప్తనిధుల తవ్వకమని ఊరంతా పుకారు లేస్తుంది, ఆ పుకారు మీద పోలీసులు రావడంలో తప్పు లేదు. గుళ్లు, కోటలు, శాసనాల దగ్గరకు మిషన్ తీసుకెళ్లొద్దు. పర్లాకిమిడిలో అయినా, మహేంద్రగిరి మీద అయినా, గంజాం వైపు అశోకుని శాసనమున్న జౌగడ దగ్గరైనా అంతే. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. రైలు కట్ట పక్క కూడా వద్దు. నౌపడా–గుణుపురం చిన్న రైలు పోయాక పాత సామాను దొరుకుతుందని కుర్రాళ్లు అడుగుతుంటారు, అది రైల్వే ఆస్తి. గోపాలపూర్‌కు ఎప్పుడైనా వస్తే రుషికుల్య మొగ వైపు ఫిబ్రవరి నుంచి మే దాకా వెళ్లకండి. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. మన బొరిగె ఒక్క దెబ్బకు వందకు పైగా గుడ్లు పోతాయి.

అడవి మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీకే కాదు, మల్కనగిరి, రాయగడ వైపు మనవాళ్లకూ, అటు మహారాష్ట్రలో సిరోంచా వైపున్న మనవాళ్లకూ. కొండదారుల్లో, అడవి రోడ్ల పక్కన, కల్వర్టుల దగ్గర ఈ మిషన్ తిప్పకండి. అలాంటి చోట్ల మందుపాతరల కోసం బలగాలు ఇలాంటి యంత్రాలతోనే వెతికాయి. అక్కడ మీకు పెద్ద మోత వస్తే అది బిందె కాకపోవచ్చు. తవ్వకండి, పిన్‌పాయింటర్ కూడా గుచ్చకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లి పోలీస్ స్టేషన్‌కు చెప్పండి.

ఒక్క కమ్మ కోసమే అయితే మిషన్ కొనమని నేను చెప్పను. మూడు గ్రాముల కోసం అంత ఖర్చు అక్కర్లేదు. నా మిషన్‌తో నేనే వస్తాను, నాకూ వంశధార గాలి తగిలినట్టుంటుంది. తర్వాత కూడా నేర్చుకోవాలని ఉంటే, నాతో ఒక రోజు తిరిగి, చేత్తో పట్టుకుని చూశాకే కొనండి. ఆదివారాలు పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా గోపాలపూర్ లైట్‌హౌస్ వైపు ఇసుకలో ఉంటాను. ఇద్దరూ రండి, ఆ రెండో కమ్మను జాగ్రత్తగా తీసుకురండి. బయలుదేరే ముందు ఒక్క సంగతి మీ ఆవిడను అడగండి. పడిన కమ్మ శీలతో సహా పడిందా, లేక శీల ఊడి ఇంట్లోనో రవికలోనో దొరికిందా? శీల లేకుండా పడి ఉంటే, తెచ్చిన కమ్మకు కూడా శీల తీసేసే నంబరు చూడాలి. ఆ చిన్న శీల తేడాకే మోత మారుతుంది.